గడప బయట చెప్పులు

బస్సు రెండుసార్లు హారన్ కొడుతుంది, మూడోసారి కొట్టదు అని బస్సుకు మనుషుల్ని పోగుచేస్తున్న గంగులయ్య నిన్న గేటు దగ్గర నిలబడి చెప్పి వెళ్ళాడు. ఆ రెండు హారన్ల కోసం పోలేరమ్మ వంటింటి గట్టుకు వీపు ఆనించి చలువరాతి నేల మీద కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో ఉంది, చెవులు వీధిలో ఉన్నాయి, చూపు మాత్రం నడవా చివర తలుపు తెరిచి ఉన్న గది గడప మీద ఉంది. గోడ గడియారం నాలుగుకు ఇంకా అయిదు నిమిషాలుందని చూపిస్తోంది. ఆ గదిలో మామా కబీర నిద్రపోతోంది. ఈ ఇంటి యజమానురాలు మామా, ఆమెను కన్నతల్లి మామా కబీర, అంటే పెద్ద మామా. కుడి చేయి, కుడి కాలు పడిపోయి మూడేళ్ళుగా మంచం దిగని మనిషి. జాబ్రియాలో పదిమంది తిరిగిన రెండంతస్తుల ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఆమె, పనిమనిషి పోలేరమ్మ, ఈ ఇద్దరే. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నలభై రోజులైంది. బస్సు అబ్బాసియాలో మనవాళ్ళను ఎక్కించుకుని, ఇక్కడ మలుపులో ఆగి, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతుందట, అక్కడి నుంచి బొంబాయికి విమానమట. పోలేరమ్మ పాస్‌పోర్టు పై అంతస్తులో మామా మొగుడు బాబా ఇనప్పెట్టెలో ఉంది, తాళం బాబా జేబులో ఉంది, బాబా ఈజిప్టులో ఉన్నాడు. అయినా గంగులయ్య ఎలాగో ఎంబసీ చుట్టూ తిరిగి ఫోటో అంటించిన కాగితం ఒకటి తెచ్చిచ్చాడు, అది రవికెలో గుచ్చుకుంటోంది. అన్నీ కుదిరాయి, ముసలమ్మ ఒక్కతే కుదరలేదు.

"ముసిల్దాన్ని ఏం జేసేదన్నా?" అని నిన్న గంగులయ్యనే అడిగింది.

"నన్నడిగితే నేనేం జెప్పేది మ్మే? యాభై సీట్ల బస్సులో తొంభై మందిమి పోతాండాము. బస్రా కాడ ఒక్క కువైటీ మనిషి దొరికిందంటే బస్సు బస్సంతా ఎనక్కే. నువ్వు వస్తాండావా లేదా, అది చెప్పు. పేరు రాసుకోవాల."

"వస్తాండా."

అంత తొందరగా ఎలా అనేసిందో ఆమెకే తెలియదు. అడిగిన మాట గాలిలో ఉండగానే జవాబు నోట్లోంచి ఊడిపడింది. కాస్త ఆగి ఉండాల్సింది, కనీసం పైట నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం ఇంటివైపు తిరిగి చూసి ఉండాల్సింది, చూసినా చెప్పేది అదే అయినా. గంగులయ్య మాత్రం ఏమీ అనుకోలేదు, చెవి వెనక పెన్సిలు తీసి పేరు రాసుకున్నాడు. పేరు రాసుకున్నాక నేల మీద పడుకుంటే నిద్ర పట్టదనుకుంది గానీ పట్టింది, సిగ్గులేకుండా పట్టింది, కలలు కూడా రాలేదు. మూడింటికి మెలకువ వచ్చింది. మూడింటికి లేవడం కడుపులో ఎక్కడో గుర్తుండిపోయినట్టుంది.

పోయినేడు ఇదే ఎండాకాలంలో ఇలాగే మూడింటికి లేపారు. అస్వాన్ అనే ఊళ్ళో, నైలు నది పక్కన హోటల్ వసారాలో, ఇలాగే బస్సు కోసం కూర్చుంది, ఒళ్ళో సంచికి బదులు నూర్ ఉంది, మామా చిన్న కూతురు, రెండేళ్ళ పిల్ల, నిద్రపోతే రెండింతలు బరువెక్కే పిల్ల. ఎండ ఎక్కకముందే గుడి చూసి మధ్యాహ్నానికల్లా వెనక్కి రావాలి, లేదంటే ఎడారిలో మాడి చస్తాం అంది మామా. గుడి అన్న మాట చెవిన పడిందో లేదో పోలేరమ్మ చీకట్లోనే తలకు పోసుకుంది. ఎవరూ పోసుకోమనలేదు. ఆ గుడిలో పూజలు ఆగి వేల ఏళ్ళయిందని కూడా ఎవరూ చెప్పలేదు. హోటల్ వాళ్ళు అట్టపెట్టెల్లో టిఫిన్ కట్టిచ్చారు, రొట్టె, చీజు ముక్క, ఉడకబెట్టిన గుడ్డు. గుడికి పోతూ గుడ్డు తింటారా ఎవరైనా అని ఆమె తన పెట్టె విప్పనే లేదు. మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. తెల్లవాళ్ళు టోపీలు ముఖం మీదికి లాక్కుని నోళ్ళు తెరిచి నిద్రపోయారు, మామా అత్తరు వాసన బస్సంతా నిద్రపోకుండా తిరిగింది. కిటికీ అవతల ఏమీ లేదు. రాయచోటి చుట్టూ ఎండిన గుట్టలే అయినా గుట్టకొక మేకైనా కనబడుతుంది, ఇక్కడ ఏమీ లేకపోవడమే గంటల తరబడి సాగింది. తర్వాత దాని అంచు ఎర్రబడింది, దూరంగా నీళ్ళు మెరిశాయి, దగ్గరికి పోతే నీళ్ళు కావు. అప్పుడు ఆమెకు ఎంత సంతోషమయిందో. చిట్టికి చెప్పాలనుకుంది, మీయమ్మ దేవుణ్ణి చూడ్డానికి ఇసకలో ఇంత దూరం పోయిందని. చిట్టి ఆమె కూతురు, రాయచోటి దగ్గరి పల్లెలో పోలేరమ్మ చెల్లెలి ఇంట్లో ఉంటుంది. మూడేళ్ళప్పుడు వదిలిన పిల్లకు ఇప్పుడు ఆరు నిండుతాయి.

అబూ సింబెల్ అన్నారు ఆ చోటిని. కొండను తొలిచి నలుగురు రాతి రాజులను కూర్చోబెట్టారు, మనిషి వాళ్ళ పిక్కల దాకా కూడా రాడు, ఒకడికి నడుము పైన ఏమీ లేదు, తల కింద ఇసకలో పడి ఉంది. ఆ తలను చూసి మామా నవ్వి ఫోటో తీయించుకుంది. పోలేరమ్మ మాత్రం వాకిలి ముందు ఆగి చెప్పులు విడిచింది, నీలం పట్టీల రబ్బరు చెప్పులు, ఎడమ పక్కగా, ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా జతగా సర్ది పెట్టింది. వీరభద్రస్వామి గుడి మెట్ల దగ్గర ఎలా పెడుతుందో అలాగే. ఆమె వెనక బూట్లు వేసుకుని వంద మంది టకటకా లోపలికి పోయారు, ఒక్కరూ విడవలేదు, వాళ్ళకు తెలియదు పాపం అనుకుంది. లోపల నేల చల్లగా ఉంది. గోడల మీద రాజు ఎవరెవరినో జుట్టు పట్టుకుని కొడుతున్నాడు, గదిలోంచి గది, గది చిన్నదయ్యేకొద్దీ చీకటి పెద్దదై, అన్నిటికన్నా లోపలి గదిలో నలుగురు దేవుళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఏడాదికి రెండు పూటలు ఎండ ఇక్కడి దాకా వస్తుంది, ముగ్గురి మీద పడుతుంది, ఈ చివరివాడు చీకటి దేవుడు, వీడి మీద పడదు అని గైడు మామావాళ్ళకు అరబీలో చెబుతున్నాడు. పోలేరమ్మ నూర్‌ను చంకలో ఎగదోసుకుని ఆ చివరివాడికే దండం పెట్టింది. వెలుగు పడేవాళ్ళకు మొక్కేవాళ్ళు ఎలాగూ ఉంటారు. కళ్ళు మూసుకుని చిట్టి గురించి చెప్పుకుంది, ఆ చెప్పుకోవడంలో ఎంతసేపు గడిచిందో, మామా వచ్చి చెవి పట్టి మెలేసి యల్లా, నడు అనేదాకా తెలియలేదు. వాకిలి దగ్గర చెప్పులు విడిచిన వైపు చూసింది, జనం, బూట్లు, మామా పట్టు మణికట్టు మీద బిగుసుకుని ఉంది. నా చెప్పులు మామా అంది. మామా వినలేదు, విన్నా ఆగేది కాదు.

నడవా చివరి గదిలోంచి దగ్గు వినబడింది. దగ్గు తర్వాత గంట మోగుతుంది, మంచం పక్కన ఇత్తడి గంట, ఎడమ చేతికి అందేంత దూరంలో. ఈ పూట మోగలేదు. ముసలమ్మ కళ్ళు తెరిచి గడప చూసి మళ్ళీ మూసుకుని ఉంటుంది. గడప బయట చెప్పులున్నాయి, అవే నీలం పట్టీలు, ఈజిప్టు నుంచి వచ్చాక అబ్బాసియాలో కొన్న రెండో జత. వాటిని అక్కడే పెట్టమన్నది ముసలమ్మే, ఇరాకీలు వచ్చిన రెండో వారంలో. మంచం మీంచి ఆమెకు కనబడేది ఆ గడప ఒక్కటే. ఇంట్లో తిరగడానికి నీకు చెప్పులెందుకు, నాకు కనబడేచోట పెట్టు, ఈ దేశంలో వట్టి కాళ్ళతో వీధిలోకి ఎవరూ పోరు అంది. జైలుకు ఇంత చవకైన తాళం ఎక్కడైనా ఉంటుందా అని పోలేరమ్మకు అప్పుడు నవ్వొచ్చింది. రొట్టెల దుకాణం వరసకు పోవాలంటే ముందు చెప్పి, తొడుక్కుని, చూపించి పోవాలి. ఒకరోజు చెప్పకుండా తొడుక్కుని చెత్త పారేయడానికి గేటు దాకా పోతే, అయిదు నిమిషాల్లో గంటా అరుపూ కలిసి వీధి మలుపులో ఉన్న సైనికులు తలలు తిప్పేదాకా పోయింది. ఇంకోరోజు చెప్పులు గడప దగ్గరే వదిలి వట్టి కాళ్ళతో పైకి పోయి, ఇనప్పెట్టెతో మూడు గంటలు కుస్తీ పట్టి కిందికి వస్తే, ముసలమ్మ ప్రశాంతంగా తసబీ పూసలు తిప్పుకుంటోంది. మూడు గంటల్లో ఒక్కసారి పిలవలేదు. చెప్పులు ఉన్నాయి కాబట్టి పనిమనిషి ఉంది, ఎక్కడో పనిలో ఉంది, వస్తుంది. ఆ రోజు పోలేరమ్మకు నవ్వు రాలేదు, అబూ సింబెల్ కాపలావాడు గుర్తొచ్చాడు.

ఆ కాపలావాడు మంచివాడే. బస్సులు బయలుదేరే వేళకు వాకిలి దగ్గర ఒంటరిగా ఒక ఆడమనిషి చెప్పులు కనబడ్డాయి, మనిషి లేదు. చెప్పులు బయట ఉన్నాయంటే మనిషి లోపలే ఉన్నట్టు, చీకటి గదుల్లో ఎక్కడో కళ్ళు తిరిగి పడిపోయి ఉంటుంది అన్నాడట. మూడు బస్సులూ ఆపేశారు. టార్చిలైట్లు పట్టుకుని నలుగురు లోపలికి పోయారు, అమ్మా, ఓ అమ్మా అని అరబీలో పిలుస్తూ గది గదీ వెతికారు, ఆ పిలుపులు కొండ కడుపులోంచి బస్సు దాకా వినబడ్డాయి. ఆ అమ్మ బస్సులో చివరి సీట్లో కాళ్ళు సీటు కిందికి ముడుచుకుని కూర్చుని ఉంది. చెప్పొచ్చు. ఒక్క మాట అంటే సరిపోయేది. నలభై నిమిషాలు వెతికి, చెమటలు కక్కుకుంటూ కాపలావాడు ఆ చెప్పులను ఒక కర్ర చివర తగిలించుకుని బస్సెక్కాడు, ఇవి ఎవరివి అన్నాడు. టోపీలన్నీ వెనక్కి తిరిగాయి. మా వాళ్ళవి కావు అంది మామా. నావి కావు అంది పోలేరమ్మ. వాడు ఆమె కాళ్ళకేసి చూడబోయి, ఎందుకో చూడకుండా దిగిపోయాడు. అస్వాన్ చేరాక ఎర్రటి ఎండలో బస్సు నుంచి హోటల్ దాకా నడిపించింది మామా, సాయంత్రం దాకా చెప్పులు కొననివ్వలేదు, నీ దేవుడికి ఇచ్చుకున్నావుగా, ఇంకెందుకు అంది. అరికాళ్ళు బొబ్బలెక్కి చితికాయి. ఆ బొబ్బల కన్నా, ఆ నలుగురు లేని మనిషిని పిలుస్తూ తిరిగిన గొంతులు చాలా రోజులు బాధపెట్టాయి.

అందుకే ఈ ఏడు తీసుకుపోలేదు. నువ్వొస్తే పరువు పోతుంది, ముసలామెను చూసుకో అన్నారు. ఒక జత రబ్బరు చెప్పులు విడిచిన పాపానికి పోలేరమ్మ ఇక్కడ ఉండిపోయింది. తొడుక్కునే లోపలికి పోయి ఉంటే ఇప్పుడు నూర్‌ను ఎత్తుకుని ఆ నది పక్కన ఎక్కడో చల్లగా ఉండేది, యుద్ధం రేడియోలో వినేది. ఆగస్టు ఒకటో తేదీ సాయంత్రం మామా అస్వాన్ నుంచి ఫోన్ చేసింది. పిల్లలు మళ్ళీ ఆ గుడి చూస్తామంటున్నారు, రేపు తెల్లవారుజామునే బస్సు, అమ్మకు సూది టైముకు వేయి, కర్టెన్లు ఉతుకు. మర్నాడు ఆ తెల్లవారుజామునే జాబ్రియాలో అద్దాలు కదిలాయి. మొదట ఉరుములనుకుంది, కువైట్‌లో ఆగస్టులో ఉరుములేమిటి అనుకునేలోపు వీధిలోంచి ట్యాంకు పోయింది, తారు రోడ్డును నమిలి ఉమ్ముతూ. అదే పొద్దు, అదే గంట. అక్కడ వాళ్ళు కిటికీలోంచి ఎర్రబడే ఇసకను చూస్తూ ఉడికిన గుడ్లు వలుచుకుని ఉంటారు. ఫోన్ ఆ రోజే చచ్చిపోయింది, దేశం దాటి ఎక్కడికీ పోదు, దేశంలోపల మోగినా ఎత్తేవాళ్ళు లేరు. ఆ కర్టెన్లు మాత్రం ఆమె ఉతికింది, ఉతికి ఇస్త్రీ చేసి తగిలించింది. ఎందుకు చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంచిలో చేయి పెట్టి తడిమింది. రెండు చీరలు, ఎంబసీ వాళ్ళు తెచ్చుకోమన్న రెండు రొట్టెలు, ఒక నీళ్ళ సీసా, అడుగున చిట్టికి ఎర్ర బూట్లు. బూట్లలో మడిచి పెట్టిన నోటుపుస్తకం కాగితం. దాని మీద చిట్టి పాదం, పెన్సిలుతో చుట్టూ గీత గీసి చెల్లెలు ఉత్తరంలో పంపింది, ఈ కొలతకు తెమ్మని. గీత బొటనవేలి దగ్గర వంకర పోయింది, చక్కిలిగింత పుట్టి పిల్ల కాలు లాక్కుని ఉంటుంది. ఆ కాగితం వచ్చి ఏడాది. కాలు ఆగుతుందా? ఈ బూట్లు పట్టవని పోలేరమ్మకు తెలుసు, అయినా మోసుకుపోతుంది. గట్టు మీద చూసింది. రాత్రే ఆరు నీళ్ళ సీసాలు నింపి వరసగా పెట్టింది, పక్కన ఖర్జూరాల డబ్బా, నాలుగు రొట్టెలు తడిగుడ్డలో చుట్టి. ఇవన్నీ చివరి నిమిషంలో, ముసలమ్మ నిద్రలో ఉండగా, మంచం పక్కకు చేర్చాలి. ముందే చేరిస్తే అర్థమైపోతుంది. ఆరు సీసాలు చూశాక అర్థం కాకుండా ఉండడానికి ఆమెకు చచ్చుబడింది చేయీ కాలే, బుర్ర కాదు. చక్కెర జబ్బు సూది మందు రెండు రోజులకే ఉంది. ఉన్నా వేసేవాళ్ళు ఎవరు? ఎదురింటి కాపలావాడు సూడాన్ మనిషి, దేవుడి భయం ఉన్నవాడు, వచ్చి చూస్తానని మాటిచ్చాడు. నిన్న పొద్దున చూస్తే అతని గదికి తాళం వేలాడుతోంది. పక్కింటివాళ్ళు అయిదో రోజే కారేసుకుని సౌదీ పారిపోయారు, వాళ్ళ పనిమనిషి షాహజాదిని వదిలేసి. షాహజాది కూడా ఇదే బస్సెక్కుతోంది. ఆసుపత్రికి పోయి చెబితే గేటు దగ్గర తుపాకీ పట్టుకున్నవాడు పొమ్మన్నాడు. ముసలమ్మ అన్న కొడుకుకు రోజూ ఫోన్ చేసింది, మోగి మోగి ఆగిపోయేది. ఇంతకన్నా ఏం చేయాలి? అడగడానికి ఎవరూ లేరు కాబట్టి పోలేరమ్మ తననే అడుగుతుంది, ఏమీ లేదు అని తనే చెప్పుకుంటుంది, చెప్పుకున్నాక కాసేపు బాగానే ఉంటుంది.

ఎడమ ముంజేతిని కుడిచేత్తో రుద్దుకుంది. చేతి మీద పైన కాలిన మచ్చ, కింద నాలుగు గోళ్ళ గుర్తులు. రెండూ ముసలమ్మవే. మచ్చ రెండేళ్ళ నాటిది, చాయ్‌లో చక్కెర తగ్గిందని గ్లాసు విసిరింది. గోళ్ళ గుర్తులు ఈ ఆగస్టువి. నాలుగో రోజున ముగ్గురు సైనికులు ఇంట్లోకి వచ్చారు, టీవీ మోసుకుపోయారు, కారు తాళాలు తీసుకున్నారు, మూడోవాడు మాత్రం పోకుండా నడవాలో నిలబడి పోలేరమ్మను చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నాడో తెలియని వయసు కాదు ఆమెది. పరిగెత్తి ముసలమ్మ గదిలోకి పోయింది. ముసలమ్మ ఎడమ చేత్తో మణికట్టు పట్టి మంచం మీదికి లాగింది, తన దుప్పటి ఆమెకు కప్పింది, తన తల గుడ్డ ఆమె తలకు చుట్టింది, వాడు గడపలోకి వచ్చేసరికి గట్టిగా అరిచింది. నా కూతురు! టైఫాయిడ్! ముట్టుకుంటే చస్తావు, నీ అమ్మ నిన్ను ఇందుకే కన్నదా అని ఎన్ని అన్నదో, వాడు ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళాక కూడా గంటసేపు చేయి వదల్లేదు. ముసలి ఒంటి వాసన, మందుల వాసన, ఆ దుప్పటి కింద పోలేరమ్మ తల్లి దగ్గర పడుకున్నట్టు పడుకుని ఏడ్చింది. మర్నాడు ముసలమ్మ తీరుబడిగా అంది, నేను లేకపోతే నీ గతి ఏమయ్యేది, ఇక నువ్వు నాదానివి, ఎక్కడికీ పోవు. కాపాడి ఊరుకుని ఉంటే ఈ పొద్దు కాళ్ళు కదిలేవి కావేమో. నాదానివి అన్నది చూడండి, ఆ మాటను పోలేరమ్మ ఈ నలభై రోజులుగా పాలలో తోడు వేసినట్టు వేసి పెట్టుకుంది, ఇప్పుడు గట్టిగా పేరుకుంది.

అజాన్ మొదలైంది. మనిషి గొంతు కాదు, క్యాసెట్టు, మధ్యలో ఒకచోట అరిగి జీరపోతుంది. గంట మోగింది. పోలేరమ్మ సంచిని గట్టు చాటుకు తోసి, ఫ్రిజ్‌లోంచి మందు, సిరంజి తీసి, వట్టి కాళ్ళతో చెప్పుల పక్కనుంచి గడప దాటింది. పొట్ట మీద చర్మం చిటికెడు పట్టుకుని సూది వేసింది, చెమ్మగుడ్డతో ముఖం, చేతులు తుడిచింది, దిండ్లు ఎత్తి కూర్చోబెట్టింది, ముసలమ్మ పెదవులు కదిలిస్తూ నమాజు ముగించింది. చాయ్‌లో రొట్టె ముంచి పెట్టింది. రోజూ చేసే పనులే, ఈ పూట వేళ్ళు మరీ మెత్తగా కదులుతున్నాయి. మెత్తగా కదిలితే అనుమానం వస్తుందని కావాలని గ్లాసు ఠప్పున పెట్టింది. ముసలమ్మ ఆమె తలకేసి చూసింది.

"తల దువ్వుకున్నావే," అంది అరబీలో. "ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు మామా. పేలు పడినాయి."

ముసలమ్మ గడపకేసి చూసింది, చెప్పులు చూసింది, తల ఊపింది. తర్వాత ఎడమ చేయి చాపి పోలేరమ్మ మణికట్టు పట్టుకుంది, ఊరికే, బరువు కోసం అన్నట్టు. "నా కడుపున పుట్టింది రాళ్ళు చూడ్డానికి పోయింది," అంది. "నువ్వు మిగిలావు. అల్లా నాకు ఇచ్చింది నిన్నే." ఆ మాట మెత్తగా అంది, ఎప్పుడూ అనని గొంతుతో. ఇదేమిటి, ఇప్పుడా అనడం, మూడేళ్ళలో ఒక్కనాడు అనని మాట ఈ పొద్దేనా అనాలి అని పోలేరమ్మకు కోపం తన్నుకొచ్చింది. తిట్టి ఉంటే ఎంత సుఖంగా ఉండేది. ఈ మనిషి చావబోతూ కూడా తనను సుఖపడనివ్వదు. పట్టు కొంచెం కొంచెంగా వదులైంది, కళ్ళు మూతపడ్డాయి. సూది తర్వాత ఒక కునుకు తీయడం అలవాటు. కిటికీకి ఇస్త్రీ చేసి తగిలించిన కర్టెన్ల అంచున తెల్లని గీత పడింది. ఒక్కొక్క వేలూ విడదీసి ఆ చేతిని దుప్పటి మీద పెట్టి, మంచం పక్క బల్ల మీద రోజూ ఉండే ఒక్క గ్లాసు నీళ్ళకేసి చూసి, లేచింది. ఇప్పుడు సీసాలు తేవాలి.

మొదటి హారన్ వినబడింది. గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే చెప్పుల్లో దూరాయి. అలవాటు. ఒక అడుగు వేసింది, రబ్బరు చలువరాతి మీద చప్పుడు చేసింది, వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే ముసలమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి, ముఖం మీద కాదు, పాదాల మీద ఉన్నాయి. నోరు తెరుచుకుంటోంది. ఆ నోట్లోంచి రాబోయే అరుపు పోలేరమ్మకు తెలుసు. ఆ అరుపు వింటే మలుపులో సైనికులు తిరుగుతారు, అది అబద్ధం కాదు, కానీ అసలు సంగతి అది కాదు, ఆ అరుపు వింటే తనకు ఇక పోవడం చేతకాదు. ఎడమ కాలు వెనక్కి తీసింది, తర్వాత కుడి కాలు. వంగి, జత సర్దింది, ఎడమ పక్కగా, ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా, మంచం మీంచి బాగా కనబడేలా.

"పాలు పెట్టి వస్తా మామా," అంది.

ముసలమ్మ నోరు మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది. రెండో హారన్. నడవాలో పరిగెత్తింది, గట్టు చాటు నుంచి సంచి లాక్కుంది, తలుపు వేయలేదు, గేటు వేయలేదు, ఎవరైనా రానీ, మనిషైనా సైనికుడైనా రానీ అనుకుంటూ వీధిలో పడింది. రాత్రి వేడి ఇంకా దిగని తారు రోడ్డు అరికాళ్ళను పట్టుకుంది. మలుపులో బస్సు కదులుతూనే ఉంది, గంగులయ్య చేయి చాపి రెక్క పట్టి లోపలికి లాగాడు, ఎవరి మూట మీదనో పడింది, ఎవరో తిట్టారు, తలుపు మూసుకుంది. సీటు లేదు. షాహజాది తన ట్రంకుపెట్టె మీద కాస్త జరిగి చోటిచ్చింది. తొంభై మంది, పిల్లల ఏడుపులు, ఊరగాయ వాసన. ఎవరూ వెనక్కి చూడలేదు.

ఊరు దాటాక ఇసక మొదలైంది, దాని అంచు ఎర్రబడింది. దూరంగా నీళ్ళు మెరిశాయి, నీళ్ళు కావు. అప్పుడు షాహజాది కిందికి చూసి, "అక్కా, నీ చెప్పులేవి?" అంది.

"ముసిల్దాని గడప కాడ ఇడ్సినా."

"మర్సిపోయినావా?"

"లే."

షాహజాది తన బురఖా అంచు జరిపి ఆ పాదాల మీద కప్పింది. పోలేరమ్మ కిటికీలోంచి ఇసకను చూస్తోంది. ఇప్పుడు మెలకువ వచ్చి ఉంటుంది. గడప చూసి ఉంటుంది. చెప్పులున్నాయి, పాలు పెడుతోంది, వస్తుంది. గంట కొట్టదు. మధ్యాహ్నం దాకా కొట్టదు, ఒక్కసారి పిలిచి, చెప్పులు చూసి, పనిలో ఉందిలే అనుకుని ఊరుకుంటుంది. ఎంతసేపు ఓపిక పడుతుందో పోలేరమ్మకు లెక్క తెలుసు, మేడ మీద మూడు గంటలు ఉండి చూసింది కదా. పోయినేడు లోపల ఎవరూ లేని గుడిలో నలుగురు టార్చిలైట్లు పట్టుకుని వెతికారు. దాహమేసింది. సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, నోటి నిండా నీళ్ళు పోసుకుంది. నీళ్ళు నోట్లో ఉండగానే వంటింటి గట్టు మీద వరసగా నిలబెట్టిన ఆరు సీసాలు కళ్ళ ముందుకు వచ్చాయి. అటూ ఇటూ చూసింది. అంతా మనుషులే, ఉమ్మడానికి చోటు లేదు. మింగింది.